ఊరి గోడ మీద పెద్ద బొమ్మ: గోడ వెతకడం నుంచి ఏటేటా మరమ్మతు దాకా

తెనాలి, పొన్నూరు, మంగళగిరి వంటి పట్టణాల్లో బస్టాండు ఎదుటో, కాలువ గట్టునో, రైతుబజారు పక్కనో ఒక పెద్ద ఖాళీ గోడ ఉండనే ఉంటుంది. దాని మీద సగం చిరిగిన సినిమా పోస్టరు, ట్యూషన్ ప్రకటన, ఏదో ఒక పార్టీవారు ముందుగానే తమకు ‘రిజర్వు’ అని రాసిపెట్టుకున్న అక్షరాలు, వాటి కింద కిళ్లీ మరకలు కనిపిస్తాయి. ఆ గోడను ఊరివాళ్లంతా కలిసి ఒక కుడ్యచిత్రంగా మార్చాలని మీకు ఆలోచన వస్తే, మొదట ఒక లెక్క మనసులో పెట్టుకోండి. ఈ పనికి మొత్తం నాలుగు నెలలు పడుతుందనుకుంటే, అందులో బొమ్మ వేసే రోజులు పదిహేనుకు మించవు. మిగిలిన కాలమంతా గోడకు, మనుషులకు, కాగితాలకు పోతుంది. ఈ నిష్పత్తిని తలకిందులు చేసి, రంగు డబ్బాలు ముందు కొని గోడ సంగతి తర్వాత చూసిన పనులు రెండో వానాకాలం దాటవు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. గుంటూరుకు దగ్గరలోని ఒక చిన్న పట్టణంలో మేము మొట్టమొదట వేసిన బొమ్మకు అవతలి వైపున నీళ్ల తొట్టి ఉందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. సంక్రాంతికి పూర్తయిన ఆ బొమ్మలో పడవ నడిపే మనిషి ముఖం దసరా నాటికి పెచ్చులుగా ఊడి కింద పడింది. రంగు మంచిదే, వేసినవాడు గట్టివాడే, గోడే చెమ్మది.

కింద చెప్పే లెక్కలన్నీ 40 అడుగుల పొడవు, 20 అడుగుల ఎత్తు, అంటే 800 చదరపు అడుగుల గోడను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మీ గోడ కొలతను బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

గోడను ఎంచుకోవడం

మూడు నాలుగు గోడలను చూసిపెట్టుకుని, ఒక్కొక్కదాని దగ్గరకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి ఎండ ఎటు పడుతున్నదో గమనించండి. పడమటి ముఖపు గోడ మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా కాలుతుంది. మన ప్రాంతపు వేసవిలో అలాంటి గోడ మీద ఎరుపు, పసుపు రంగులు అన్నిటికన్నా ముందు వెలిసిపోతాయి. దక్షిణ ముఖపు గోడకు శీతాకాలమంతా ఎండ తప్పదు. తూర్పు గోడకు పొద్దుటి ఎండే కనుక వేడి తక్కువ, కానీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య గాలితో వచ్చే వాన, తుపానుల జల్లు దాన్ని నేరుగా కొడుతుంది. ఉత్తరపు గోడ అన్నిటికన్నా చల్లనిది. అయితే గుంటూరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరాన ఉంటాడు కాబట్టి, దానికీ కొంత ఎండ తప్పదు. ఉత్తరపు గోడతో వచ్చే అసలు చిక్కు పాచి. నాకు ఎంచుకునే వీలుంటే చూరు లేదా సన్‌షేడ్ ఉన్న ఉత్తరపు గోడను మొదట, తూర్పు గోడను తర్వాత ఎంచుకుంటాను.

తర్వాత గోడ వెనక్కి, పైకి, కిందికి చూడండి. వెనక స్నానాల గది, నీళ్ల తొట్టి, మొక్కల పాదులు, ఎత్తుగా పోసిన మట్టి ఉంటే ఆ గోడను వదిలేయండి. కాలువ గట్టును ఆపడానికి కట్టిన గోడలు చూడడానికి ఎంతో పొడవుగా, నునుపుగా, ఊరించేటట్లు ఉంటాయి. అవి ఏడాది పొడవునా వెనకనుంచి నీరు పీలుస్తూనే ఉంటాయి కనుక వాటి జోలికి పోకపోవడమే మంచిది. పైన పిట్టగోడ నెర్రెలిచ్చి ఉంటే వాననీరు ప్లాస్టరింగు వెనక్కి దిగుతుంది. ముందు ఆ పైభాగాన్ని సిమెంటుతో వాలుగా మూయించాలి. గోడ పగుళ్లలో రావి మొక్క మొలిచి ఉంటే పైకొమ్మ తుంచి ఊరుకోకుండా వేరు దాకా తవ్వి తీయించండి.

చివరిగా, గోడ ఎదుట నిలబడి చూడడానికి కనీసం 30 అడుగుల ఖాళీ స్థలం ఉందో లేదో చూడండి. ఇరుకు సందులో 20 అడుగుల ఎత్తు బొమ్మ వేస్తే దాని కింద నడిచేవారికి కాళ్లు తప్ప ముఖాలు కనిపించవు.

అనుమతులు, ఒప్పందాలు

ప్రైవేటు గోడ అయితే యజమాని సంతకంతో నిరభ్యంతర పత్రం తీసుకోండి. బొమ్మను ఎన్నేళ్లు ఉంచుతారు, ఆ లోపు ఇల్లు అమ్మితే కొన్నవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు, మరమ్మతుకు మనుషులు గోడ దగ్గరకు రావడానికి అభ్యంతరం లేదా అనే మూడు విషయాలు అందులో తప్పక ఉండాలి. ఐదేళ్లకు తక్కువ ఒప్పుకునే గోడ మీద ఇంత శ్రమ పెట్టడం వృథా. మునిసిపాలిటీ గోడ అయితే కమిషనరు పేర చిత్తునమూనా జతచేసి దరఖాస్తు ఇవ్వాలి. మీ వార్డు సచివాలయంలో ముందుగా చెప్పి ఉంచితే ఆ కాగితం ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం తేలికవుతుంది. రోడ్లు భవనాల శాఖ, జలవనరుల శాఖ, రైల్వే, దేవాదాయ శాఖ వారి గోడలకు ఆయా శాఖల అనుమతే కావాలి, మునిసిపాలిటీ ఇచ్చిన కాగితం అక్కడ చెల్లదు. పాత గుడి రాతి గోడ మీద, రక్షిత కట్టడాల మీద మాత్రం ఎవరు అనుమతి ఇస్తామన్నా వేయకండి. రాయి పీల్చుకున్న రంగు మళ్లీ బయటికి రాదు.

మన రాష్ట్రంలో రంగుకు కూడా పార్టీ ఉంటుంది. పంచాయతీ కార్యాలయాలకు వేసిన పార్టీ రంగుల వివాదం 2020లో హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి ఆ రంగులు తీసేయవలసి వచ్చింది. కాబట్టి మీ బొమ్మలో ఏ పార్టీ జెండాను గుర్తుచేసే రంగుల జంటైనా పెద్ద భాగాన్ని ఆక్రమించకుండా చిత్తునమూనా దశలోనే సరిచూసుకోండి. పొలం పచ్చగా, ఆకాశం నీలంగా, పసుపు కొమ్ము పసుపుగా ఉండడంలో తప్పేమీ లేదు, కానీ వాటిని పక్కపక్కన పట్టీలుగా పేర్చితే మాత్రం అడిగేవారు ఖాయంగా వస్తారు. ఎన్నికల ప్రకటన వెలువడగానే అధికారులు గోడ రాతల మీద సున్నం కొట్టిస్తారు. ఆ చేతి కింద మీ బొమ్మ పడకుండా ఉండాలంటే అనుమతి పత్రం నకలు వార్డు కార్యాలయంలో ఉండాలి. ఊళ్లోని అన్ని పార్టీల కార్యకర్తలనూ ఒక సాయంత్రం టీకి పిలిచి, ఈ గోడను ఎవరూ రిజర్వు చేసుకోబోరని అందరి ముందు మాట తీసుకోవడం కూడా పనిచేస్తుంది. నా అనుభవంలో ఆ టీ ఖర్చు అన్ని ఖర్చుల్లోకీ లాభసాటిది.

చిత్రకారునితో కూడా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. కూలి ఎంత, రంగుల ఖర్చు ఎవరిది, సంతకం ఎక్కడ అనే వాటితో పాటు, భవిష్యత్తులో బొమ్మను మార్చాలన్నా చెరపాలన్నా ఆయనకు ముందుగా తెలియజేస్తామన్న వాక్యం ఉంచండి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి పాడుచేసినందుకు 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు అప్పగించి, 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అమ్మేసినా, ఇచ్చేసినా, తన పనిని వికృతం చేయకూడదని అడిగే హక్కు కళాకారునికి మిగిలే ఉంటుందని దాని అర్థం. చిన్న పట్టణంలో కోర్టుల దాకా ఎవరూ పోకపోవచ్చు, కానీ ఒక వాక్యంతో పోయే మనస్పర్ధను ఎందుకు మిగుల్చుకోవాలి?

ఏం వేయాలో ఊరిచేత చెప్పించడం

అందరినీ ఒకే సభకు పిలిచి ‘ఏం వేద్దాం’ అని అడిగితే గొంతు పెద్దదైనవారి మాటే నెగ్గుతుంది. దానికి బదులు చిన్న చిన్న గుంపులుగా వారున్న చోటికే వెళ్లండి: పొదుపు సంఘం మహిళల నెలవారీ సమావేశానికి, ఆటో స్టాండుకు, మసీదు వీధికి, చర్చి ఆవరణకు, ఎస్సీ కాలనీకి, మగ్గాల వీధికి, హైస్కూలు తొమ్మిదో తరగతికి. బొమ్మ గురించి అడగకండి, జ్ఞాపకాలు అడగండి. ‘ఈ కాలువలో పడవలు మీరు చూశారా’, ‘తుపాను నాడు ఎక్కడ తలదాచుకున్నారు’, ‘మీ నాన్నగారు ఏ పనికి ఏ దారిన పోయేవారు’ వంటి ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో బొమ్మ దానంతట అదే ఉంటుంది. దుగ్గిరాల దగ్గర మొదలై బకింగ్‌హాం కాలువ వైపు సాగే కొమ్మమూరు కాలువ మీద సరుకుల పడవలు తిరిగిన రోజులు, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులకు ప్రాణాలిచ్చిన యువకులు, మంగళగిరి చీర అంచు, దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీలు, ఉప్పలపాడు చెరువు చెట్ల మీద వాలే గూడబాతులు ఇలా వచ్చి చేరతాయి. వాటన్నిటినీ ఒకే గోడ మీద కుక్కాలనే ఆశే బొమ్మను పాడుచేస్తుంది. 800 చదరపు అడుగుల మీద మూడు పెద్ద సంగతులు నిలుస్తాయి, ఐదు పడతాయి, పదికి గోడ కాస్తా కేలండరు అవుతుంది.

అసలు తగాదా ముఖాల దగ్గర వస్తుంది. ఏ నాయకుణ్ణి వేసినా మరొకరిని ఎందుకు వేయలేదని అడుగుతారు, ఆ అడగడం వెనక కులం ఉంటుంది, అది లేదన్నట్లు నటించి ప్రయోజనం లేదు. బతికి ఉన్న రాజకీయ నాయకుల ముఖాలు, చందాదారుల ముఖాలు వేయకూడదన్న నియమాన్ని మొదటి సమావేశంలోనే, ఎవరి పేరూ రాకముందే పెట్టండి. పేరు వచ్చాక పెడితే ఆ నియమం ఆ మనిషి మీద పెట్టినట్లవుతుంది. ఊరివారి ముఖాలు వేయాలనుకుంటే పని చేస్తున్న చేతులను, వెనకనుంచి కనిపించే నడకను, తలగుడ్డను, బుట్టను ముందుకు తెచ్చి ముఖాలను పక్కకు తిప్పించండి. పోలిక కుదరలేదన్న మాట అప్పుడు రాదు. గతించిన వ్యక్తి ముఖం తప్పనిసరిగా కావలసి వస్తే కుటుంబం అనుమతి, మంచి ఫొటో ఉంటేనే వేయండి.

మూత్రం పోయకుండా ఉంటారని గోడల మీద దేవుళ్ల బొమ్మలు వేసే అలవాటు మనకుంది. నాకది నచ్చదు. దేవుణ్ణి కాపలాకు పెట్టినట్లు ఉంటుంది, పైగా వెలిసిన దేవుని బొమ్మ మీద రంగు కొట్టడానికి తర్వాత ఎవరికీ చెయ్యి రాదు. ఆ సమస్యకు విరుగుడు ఒక వీధి దీపం, నడిచేంత దూరంలో ఒక మరుగుదొడ్డి.

విన్నవాటినుంచి చిత్రకారుడు మూడు చిత్తునమూనాలు గీయాలి. 1 అడుగుకు 1 అంగుళం లెక్కన 40 అంగుళాల పొడవు, 20 అంగుళాల ఎత్తు కాగితం మీద, గోడకున్న కిటికీలు, పైపులు, మీటరు పెట్టె ఉన్నచోటే గుర్తించి గీయించండి. వాటిని వారం రోజులు పాలకేంద్రం దగ్గరో, గ్రంథాలయంలోనో వేలాడదీసి ఒక్కొక్కదాని కింద ఒక నోటుపుస్తకం పెట్టండి. గోడ మీద అక్షరాలు ఉంటే వాటిని తెలుగు మాస్టారి చేత చదివించి సంతకం తీసుకోండి, ఒత్తు తప్పిన అక్షరం 20 అడుగుల ఎత్తున పదేళ్లు ఉంటుంది. 40 అడుగుల దూరంనుంచి చదవాలంటే అక్షరం కనీసం 6 అంగుళాల ఎత్తు ఉండాలి, తెలుగు అక్షరాలకు గుడులూ వత్తులూ ఉన్నాయి కనుక వరుసకూ వరుసకూ మధ్య దాదాపు అంతే ఖాళీ వదలాలి.

గోడను సిద్ధం చేయడం

చిత్రకారుడికన్నా ముందు ఒక మంచి మేస్త్రీని పట్టుకోండి. ఆయన గోడనంతా సుత్తి పిడితో తట్టుకుంటూ పోయి ఎక్కడ డొల్లగా మోగుతున్నదో అక్కడ సుద్దతో గుండ్రం చుడతాడు. ఆ భాగాలను కొట్టేసి కొత్తగా ప్లాస్టరింగు చేయించండి. కొత్త సిమెంటు పని 28 రోజులు ఆరితే తప్ప దాని మీద రంగు వేయకూడదు, ఎందుకంటే పచ్చి సిమెంటులోని క్షారం రంగు పొరను కొరికి, కొన్ని ఎరుపు పసుపులను ఎండకన్నా ముందే చంపుతుంది. నాలుగు నెలల లెక్కలో ఒక నెల ఇక్కడే పోతుందని గుర్తుంచుకుని, ఈ పనిని అనుమతులు తిరుగుతున్న రోజుల్లోనే పూర్తిచేయించుకోండి. వానలు తగ్గిన నవంబరు చివర మరమ్మతు, జనవరి మధ్యనుంచి ఫిబ్రవరి చివరి దాకా బొమ్మ అన్నది మన వాతావరణానికి కుదిరే క్రమం.

ఏళ్ల తరబడి సున్నం వేసిన గోడ అయితే మరింత జాగ్రత్త కావాలి. సున్నపు పొర పొడిగా గోడను అంటిపెట్టుకుని ఉంటుంది, దాని మీద వేసిన ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) ఆ పొరతో సహా చాపలా చుట్టుకుని ఊడివస్తుంది. చేత్తో రుద్దితే అరచేతికి తెల్లగా అంటే ఆ సున్నాన్నంతా గీకి తీయవలసిందే. పాత ఆయిల్ పెయింటును గీకేటప్పుడు నీళ్లు చల్లుకుంటూ, ముక్కుకు మాస్కు కట్టుకుని గీకాలి, పిల్లలను దగ్గరకు రానీయకూడదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని (లెడ్‌ను) 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90కి పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందటి రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

పాచి పట్టిన చోట బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లు పూసి, మర్నాడు గట్టి బ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడగాలి. దీన్ని యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. గోడ మీద తెల్లని ఉప్పు పొడి పూసి ఉంటే దాన్ని కడగకూడదు, కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, రెండు వారాలు ఆగి, మళ్లీ పూసిందా అని చూడాలి. మళ్లీ పూస్తే నీరు ఎక్కడినుంచో ఇంకా వస్తున్నదని అర్థం.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అడుగున్నర చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసిచూసినప్పుడు లోపలి వైపు నీటి బిందువులు ఉంటే గోడ ఇంకా చెమ్మగానే ఉంది. పైనా కిందా నాలుగైదు చోట్ల ఇలా చూడండి. మా మొదటి గోడకు ఈ పది రూపాయల పరీక్ష చేసి ఉంటే ఆ పడవవాడు ఇంకా బతికే ఉండేవాడు.

పగుళ్లను సన్నని ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, బయటి గోడలకు వాడే క్రాక్ ఫిల్లరుతో నింపాలి. గోడంతా నున్నగా ఉండాలని మందంగా పుట్టీ పెట్టించకండి, పుట్టీ పొర ఎంత మందమైతే అంత తొందరగా ఊడుతుంది. ఇంటి లోపలి గోడలకు వాడే పుట్టీ అసలే పనికిరాదు. కాస్త గరుకుగా ఉన్న గోడే రంగును గట్టిగా పట్టుకుంటుంది, 30 అడుగుల దూరంనుంచి ఆ గరుకు ఎవరికీ కనపడదు. ఆ తర్వాత బయటి గోడల ప్రైమరు ఒక కోటు, దాని మీద లేత రంగు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. ప్రైమరు ఆరాక సెల్లోటేపు ముక్కను గట్టిగా అద్ది ఒక్క ఊపున లాగండి, టేపుతో పాటు పొర లేచి వస్తే ఆ భాగం మళ్లీ గీకవలసిందే.

నేలనుంచి రెండున్నర, మూడు అడుగుల ఎత్తు దాకా అసలు బొమ్మ వేయకండి. వాన పడినప్పుడు బురద చింది పడేది, నేలలోని ఉప్పు ఎక్కేది, స్కూటర్లు ఆనించేది అక్కడే. మన ఇళ్ల గోడలకు కింద జాజు (ఎర్రమట్టి) పట్టీ పూసి, దాని మీద ముగ్గు గీతలు పెట్టే పద్ధతి ఊరికే పుట్టలేదు. మీ కుడ్యచిత్రానికి కూడా రెడ్ ఆక్సైడ్ రంగుతో అలాంటి పట్టీ వేసి, తెల్లరంగు ముగ్గు గీతలను వీధిలోని మహిళల చేత పెట్టించండి. అది పాడైతే ఒక్క పూటలో మళ్లీ వేయవచ్చు, ప్రతి సంక్రాంతికీ వేయవచ్చు. ఊరి చెయ్యి ఏటేటా ఆ గోడ మీద పడే వీలు అక్కడ మిగులుతుంది.

పరంజా, కొలతలు

20 అడుగుల గోడకు నిచ్చెనలతో పని జరగదు. సరుగుడు బాదులతో కట్టే పరంజా అయినా, అద్దెకు దొరికే ఇనుప పరంజా అయినా, నిలబడే పలకలు కనీసం రెండున్నర అడుగుల వెడల్పు ఉండి, నడుము ఎత్తున అడ్డకర్ర ఉండాలి. గోడకూ పలకకూ మధ్య అడుగు ఎడం ఉంటేనే చిత్రకారుడు చెయ్యి ఊపగలడు. గోడ దగ్గరలో కరెంటు తీగలు పోతుంటే లైన్‌మన్‌తో మాట్లాడి, సరఫరా ఆపే వేళలు ఖాయం చేసుకున్న తర్వాతే పరంజా కట్టించండి. పైకి ఎక్కేవారికి నడుము బెల్టు, తాడు తప్పనిసరి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఎంత బతిమాలినా పరంజా ఎక్కించకండి.

కాగితం మీది బొమ్మను గోడ మీదికి పెంచడానికి పాత సినిమా బ్యానర్ల ఆర్టిస్టులు వాడిన గళ్ల పద్ధతే ఇప్పటికీ నమ్మకమైనది. ఫ్లెక్సీలు వచ్చి చేతి పని పోయాక ఆ ఆర్టిస్టుల్లో చాలామంది బోర్డులు రాసుకుంటూ ఉండిపోయారు. సినిమా పంపిణీ కార్యాలయాల పేట అయిన విజయవాడ గాంధీనగర్ చుట్టుపక్కల విచారిస్తే, 40 అడుగుల ముఖాన్ని కంటి లెక్కతో గీసిన పెద్దాయన ఒకరు దొరకవచ్చు. ఆయనను కూలికి కాకుండా గురువుగా పిలవండి, కూలి కూడా గౌరవంగా ఇవ్వండి.

చిత్తునమూనా మీద 2 అంగుళాల గళ్లు, గోడ మీద 2 అడుగుల గళ్లు గీయాలి. అంటే అడ్డంగా 20, నిలువుగా 10, మొత్తం 200 గళ్లు. మొదటి నిలువు గీతను తూకం గుండుతో, మొదటి అడ్డగీతను నీటి గొట్టం మట్టంతో పెట్టించండి. నేలను గానీ సన్‌షేడును గానీ ఆధారం చేసుకోవద్దు, అవి దాదాపు ఎప్పుడూ వాలుగానే ఉంటాయి. నూలు దారానికి నీలిమందు పొడి పట్టించి, ఇద్దరు రెండు చివర్లా బిగపట్టి, మధ్యలో లాగి వదిలితే 40 అడుగుల గీత ఒక్క దెబ్బకు పడుతుంది. గళ్లకు అడ్డంగా అంకెలు, నిలువుగా అక్షరాలు వేసుకుని, క-1, క-2 అని పిలుచుకుంటే కింద నిలబడి సరిచూసేవారికీ పైన గీసేవారికీ మాట తప్పదు. ప్రొజెక్టరుతో రాత్రివేళ గీయడం తొందరగా జరుగుతుంది, కానీ వీధి దీపాలు ఆర్పించాలి, యంత్రం గోడకు సరిగ్గా ఎదురుగా లేకపోతే బొమ్మ ఒక వైపుకు సాగిపోతుంది. మనుషుల ముఖాలకు దాన్ని వాడుకుని మిగిలినదంతా గళ్లతో గీయడం నాకు కుదిరిన మార్గం.

రంగులు

బయటి గోడలకు పనికివచ్చే అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ తప్ప మరొకటి కొనకండి. డిస్టెంపరు వానకు కరుగుతుంది, ఆయిల్ ఎనామెల్ గోడలోని చెమ్మను బయటికి పోనీయక బుడగలు కడుతుంది. మంచి ఎమల్షన్ లీటరు రెండు కోట్లకు సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది కనుక, నేపథ్యానికి 16 లీటర్లు, దాని కింద ప్రైమరుకు 10 లీటర్ల దాకా, బొమ్మల రంగులన్నీ కలిపి మరో 20 లీటర్లు అనుకుంటే లోటు రాదు.

తెల్ల డబ్బాలో స్టెయినరు (చిక్కటి రంగు ద్రవం) సీసాలు వంపుకుని చేత్తో రంగు కలపడం చవక అనిపిస్తుంది. ఆ స్టెయినర్లలో ఫాస్ట్ ఎల్లో, ఫాస్ట్ రెడ్ వంటివి ఎండకు నిలవవు, పైగా మూడో రోజు అయిపోయిన రంగును నాలుగో రోజు అచ్చంగా అలాగే మళ్లీ కలపడం ఎవరివల్లా కాదు. దుకాణంలో మిషను మీద, బయటి గోడల రకంలోనే, షేడు నంబరుతో కలిపించుకోండి. ఇనుప ఆక్సైడ్ జాతికి చెందిన కావి, మట్టి పసుపు, గోధుమ, నలుపు రంగులు ఎన్నేళ్లయినా నిలుస్తాయి. మిరపపండు ఎరుపు, పసుపుకొమ్ము పసుపు వంటి మెరిసే రంగులే వెలిసేవి. గుంటూరు బొమ్మలో మిరపపండు లేకుండా ఎలాగంటారేమో, దానికొక ఉపాయం ఉంది. ముందు రెడ్ ఆక్సైడ్‌తో మిరప రాశి మొత్తాన్ని వెలుగునీడలతో పూర్తిగా వేసి, దాని మీద మెరిసే ఎరుపును పలుచగా ఒక కోటు వేయండి. నాలుగేళ్లకు పైఎరుపు వెలిసినా కింది కావి రంగు ఎండుమిరపలా నిలిచి ఉంటుంది. పసుపు కింద ఎల్లో ఆక్సైడ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. మొత్తం బొమ్మను పది, పన్నెండు రంగులకు మించనీయకండి.

వేసే రోజులు

జనవరిలో తెల్లవారుజామున పడే మంచుకు గోడ తడిసి ఉంటుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా ఆగి, చేత్తో తాకి చూసి మొదలుపెట్టండి. ఎండ పడే గోడ మీద మాత్రం వేయకండి, రంగు గోడను పట్టకముందే ఎండిపోయి కుంచె గీతలు తేలుతాయి. తూర్పు గోడ అయితే మధ్యాహ్నాలు, పడమటి గోడ అయితే ఉదయాలు పనిచేయాలి. సాయంత్రం ఐదు తర్వాత వేసిన కోటు ఆరేలోపు మళ్లీ మంచు పడుతుంది.

పని ఎప్పుడూ పైనుంచి కిందికి జరగాలి. మొదటి మూడు నాలుగు రోజులు చిత్రకారుడు, ఆయన సహాయకులు మాత్రమే గీతలు పూర్తిచేసి, ప్రతి గడి లోపలా ఏ రంగు పడాలో అంకె వేయాలి. బకెట్ల మీద కూడా అవే అంకెలు రాయాలి. ఆ తర్వాత ఊరివాళ్లను పిలవండి. నేలనుంచి ఆరడుగుల ఎత్తు దాకా పిల్లలు, వారి పైన పరంజా మొదటి అంతస్తులో పెద్దలు, ఆ పైన పని తెలిసినవారు అన్న ఏర్పాటు సరిపోతుంది. ఒక్కసారిగా పదిహేను మందిని మించి గోడ దగ్గర ఉండనీయకండి. వందమంది వచ్చిన ఆదివారం ఒకటి మాకు అనుభవమైంది, ఆ రోజు పడ్డ రంగును సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. రెండు గంటల చొప్పున వీధులవారీగా పేర్లు రాసుకుని పిలిస్తే అందరికీ వంతు వస్తుంది. వచ్చినవారికి చిన్న పాత్రలో పావు లీటరు రంగే పోసి ఇవ్వండి, ఒలికితే పోయేది అంతే.

పిల్లలు గీత దాటి వేస్తారు, వేయనీయండి. సాయంత్రం చిత్రకారుడు అంచులు కట్టుకుంటాడు. కానీ వాళ్లు వేసినదాన్ని పూర్తిగా చెరిపి మళ్లీ వేయడం మాత్రం కూడదు. మర్నాడు వచ్చి తన ఆకు కోసం వెతుక్కునే పిల్లకు మీరు జవాబు చెప్పుకోలేరు. రంగులో నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి, రంగు తక్కువపడుతున్నదని పలుచన చేసుకుంటూ పోతే ఆ భాగం ఏడాదికే పొడిగా రాలుతుంది. ఒక కోటుకూ మరో కోటుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉంచండి.

ముఖాలు, చేతులు, అక్షరాలు చివరి మూడు రోజులకు పెట్టుకోవాలి. పరంజా విప్పే ముందు ఒక సాయంత్రం అందరూ రోడ్డు అవతల నిలబడి గోడను తేరిపార చూడండి, విప్పిన తర్వాత కనబడిన తప్పు అక్కడే ఉండిపోతుంది.

పూర్తయిన తర్వాత

మొత్తం బొమ్మ మీద పారదర్శక పూత వేయమని దుకాణాల్లో సలహా ఇస్తారు. గోడ పూర్తిగా ఆరినదని పాలిథిన్ పరీక్షలో తేలితేనే దానికి ఒప్పుకోండి, అదీ ఎండకు పసుపుబారని అక్రిలిక్ రకమైతేనే. కొంచెం చెమ్మ ఉన్నా ఆ పూత కింద తెల్లగా పొర కడుతుంది. మనుషుల చేతులు తగిలే ఆరడుగుల దాకా వేసి పైభాగాన్ని వదిలేయడం నా పద్ధతి, పోస్టర్ల మైదా జిగురు, కిళ్లీ మరకలు కూడా అక్కడే పడతాయి, పూత ఉంటే తడిగుడ్డతో పోతాయి.

సేకరించిన డబ్బులో పదోవంతును ఖర్చుపెట్టకుండా మరమ్మతు పేర పొదుపు సంఘం ఖాతాలో ఉంచండి. ఏటా డిసెంబరులో, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి గోడను పైనుంచి కింది దాకా చూసి, రావి మొలకలు పీకి, పాచి తోమి, పగుళ్లు పూడ్చి, జాజు పట్టీ మళ్లీ వేయాలి. పోస్టరు అంటిస్తే ఆ రోజే తీయండి, ఒకటి నిలిస్తే మర్నాటికి పది వస్తాయి. మిగిలిన రంగులను బిగుతు మూతల చిన్న డబ్బాల్లోకి వంచి, ఒక్కొక్కదాని మీద షేడు నంబరు, బొమ్మలో వాడిన చోటు, తేదీ రాసి, ఎండ తగలని అలమరలో పెట్టండి. షేడు నంబర్ల జాబితా, చిత్తునమూనా, అనుమతి పత్రాల నకళ్లు ఒక ఫైలులో ఉంచి, ఒక ప్రతి గ్రంథాలయంలోనూ మరొకటి చిత్రకారుని దగ్గరా ఉంచాలి. అలమర తాళంచెవి మాత్రం గోడ ఎదురింటివారి దగ్గర ఉండాలి, గీత పడినా పెచ్చు లేచినా ముందుగా చూసేది వాళ్లే.